వెనక మంచం మీద కమాన్ మేస్త్రి

ముప్పై నాలుగేళ్లు ఆయన లారీల కింద పడుకునే బతికాడు. చక్రాల మీద బరువును మోసే వంపు ఇనుప పట్టీలను కమాన్లంటారు. వాటిని సరిచేయడం ఆయన పని, అందుకే వీధిలో అందరికీ కమాన్ మేస్త్రి. అసలు పేరు ఒక్క భార్యకే గుర్తుంది, ఆమేమో మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు.

రిపేరైన ప్రతి బండినీ మేస్త్రి తానే రోడ్డెక్కించేవాడు. స్టీరింగు అటొక తిప్పు, ఇటొక తిప్పు. వెతికి మరీ గుంతలో దించేవాడు. వేగం అందుకోగానే బ్రేకు తొక్కిపట్టేవాడు. ఎక్కడ కిర్రుమన్నా అది ఏ బోల్టో కూర్చున్న చోటునుంచే చెప్పేవాడు. అందులో ఆయనకు తిరుగులేదు. ఆ సంగతి ఆయనకూ కాస్త ఎక్కువగానే తెలుసు.

భార్య ఇరవై రెండేళ్లు గుడ్ల వ్యాను నడిపింది. కోళ్ల ఫారం నుంచి దుకాణాలకు రోజుకు మూడు ట్రిప్పులు. నువ్వు నడిపితే నత్త కూడా హారన్ కొట్టి దాటిపోతుందని మేస్త్రి ఎగతాళి చేసేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

ఇద్దరూ పని మానేశాక ఒక పాత చిన్న బస్సు కొని కారవాన్‌గా మార్పించారు. వెనక మంచం, మధ్యలో పొయ్యి, పైన వరసగా అలమరలు. నెలాఖరుకి అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఏడాదిపాటు రోడ్డు మీదే గడపాలనుకున్నారు. ఆ ఆలోచన ముందు ఆమెదే. తొలి ఆదివారం ఆయన నడిపాడు, ఆమె వెనక మంచం మీద కూర్చుంది. ఊరి చివరిదాకా వెళ్లొచ్చాక ఆమె దిగి, సర్దుకున్న పెట్టెలు విప్పి, బట్టలన్నీ మళ్లీ బీరువాలో పెట్టేసింది.

“మీరు వెళ్లిరండి. నేను రాను,” అంది.

అత్తయ్యకు భయమేమోనన్నాడు అల్లుడు. అమ్మకు ఓపిక తగ్గిందేమోనంది కూతురు. మేస్త్రి ఇద్దరి మాటా కొట్టిపారేశాడు. లోపం బండిలోనే ఉందని తేల్చాడు.

ఎత్తైన బండికి బరువు పైనుంటే మలుపులో ఊగుతుందని, అలమరల్లోని గిన్నెలూ డబ్బాలూ కిందికి దించాడు. ఆమె కుట్టుమిషను వెనక చక్రాల అవతల కూర్చుని తోకను కుంగదీస్తోందని, దాన్ని ముందు వెనక చక్రాల నడుమకు జరిపి నేలకు బిగించాడు. సగం నిండిన ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయని నిండా నింపాడు. బండి పక్కకు వాలకుండా ఆపే కడ్డీ తీసేసి అంతకంటే లావుది వేశాడు. టైర్లలో గాలి బరువుకు తగ్గట్టు పట్టించాడు. ఒక్కో మార్పు అయ్యాక ఆమెను బతిమాలి ఎక్కించుకునేవాడు. కుదిరిందో లేదో చూడాలి కదా, అటొక తిప్పు, ఇటొక తిప్పు, గుంత, బ్రేకు. ఆమె దిగి లోపలికి వెళ్లిపోయేది.

నెలాఖరుకి ఇక ఐదు రోజులే ఉన్నాయి. మేస్త్రికి అన్నం సహించడం లేదు. ఒంటరిగా వెళ్లడం ఆయన వల్ల కాదు. ఏ ఊరు చూసినా పక్కన ఆమె లేకపోతే ఎవరితో చెప్పుకోవాలి? ఆ మాట అనడానికి నోరు రాక, ఇంకేం మార్చమంటావని మాత్రం అడిగాడు.

“ఏమీ మార్చొద్దు. వెనక మంచం మీద మీరు పడుకోండి. నేను నడుపుతాను.”

ఇది గుడ్ల వ్యాను కాదని, పొడుగూ ఎత్తూ వేరని, గాలి కొడితే పక్కకు లాగుతుందని ఆయన చాలాసేపు చెప్పుకొచ్చాడు. ఆమె తాళం కోసం చెయ్యి చాపి అలాగే నిలబడింది. చివరికి ఇచ్చాడు.

మంచం మీద వాలాడన్న మాటే గాని చెవులు రిక్కించే ఉన్నాడు. మొదటి మలుపు ఎప్పుడు దాటిందో తెలియలేదు. మలుపుకు చాలా ముందే ఆమె వేగం తగ్గించేసింది, మలుపులో బ్రేకు జోలికి పోలేదు. వంతెన మీద పక్కగాలి తగిలి బండి కొంచెం ఒరిగింది. ఆమె స్టీరింగుతో పెనుగులాడలేదు, మెల్లగా సర్దింది, బండి కుదురుకుంది. ఆయన కిర్రుమనే చప్పుడు కోసం వెతికాడు, దొరకలేదు. బండి మొదటి వారమే బాగుపడిందని, ఆ తర్వాత దాన్ని కుదిపి కుదిపి ఆమెను హడలగొట్టింది తానేనని అప్పటికి తలకెక్కింది. ఎక్కడికైనా చేరడానికి ఆయన ఏనాడూ బండి నడపలేదు. తప్పు పట్టడానికే నడిపాడు. సిగ్గేసింది. ముందుకు వెళ్లి ఆ మాట చెప్పాలనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ కళ్లు మూసుకున్నాడు.

తెరిచేసరికి బండి ఆగి ఉంది. సాయంత్రపు ఎండ కాళ్ల మీద పడుతోంది. తలుపు తీస్తే ఎదురుగా సముద్రం. ఆమె మెట్టు మీద కూర్చుని టీ తాగుతోంది. ఎక్కడున్నామని అడిగాడు.

“నూట అరవై కిలోమీటర్లు వచ్చాం. మీరు లేస్తే వెనక్కి తిప్పుదామనుకున్నాను. లేవలేదు.”

నడిచే బండిలో నిద్రపోవడం ఆయనకు పుట్టి బుద్ధెరిగి ఇదే మొదలు. మెల్లగా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

“నువ్వు లేకుండా నేను వెళ్లలేను,” అన్నాడు. “వస్తావా?”

“మిమ్మల్ని ఇక్కడిదాకా తీసుకొచ్చింది ఎవరనుకుంటున్నారు?” అందామె.