పిల్లమ్మ పుట్టింటి రేవు

రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో మా కిరాణా కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది పిల్లమ్మ ఎండు చేపల అంగడి. కోలారు బంగారు గని మూతపడి ఆమె మొగుడు ఎల్లప్ప ఇంట్లో కూర్చున్న ఏడాది పెట్టింది, ఇంతవరకూ తియ్యలేదు. మేము శెట్లం. వెల్లుల్లి కూడా వారం చూసుకుని తినే ఇల్లు మాది. అలాంటిది, పొద్దున కొట్టు తెరిచి లక్ష్మీదేవి పటానికి ఊదుబత్తి వెలిగిస్తే, ఆ పొగ దేవికి అందకముందే ఎదుటి అంగట్లో నెత్తళ్ళ కంపు వచ్చి కూర్చుంటుంది. పాయసంలో రొయ్యపొట్టు వాసన వస్తోందని ఒకాయన పెళ్ళి బెల్లమంతా వెనక్కి పంపించాడు. నేను ఎన్నిసార్లు పోట్లాటకు దిగినా ఆమెది ఒకటే మాట.

"శెట్టప్పా, అది కంపు కాదు. మా పుట్టింటి గాలి."

ఆ పుట్టిల్లే ఆమె వ్యాపారానికి పెట్టుబడి. నెల్లూరు అవతల సముద్రం ఒడ్డున తుమ్మలరేవు అని ఒక చిన్న ఊరుంది. సరుకు అక్కడి నుంచే వస్తుంది, అంతవరకు నిజం. పోలమ్మ అనే ఆమె చేపలు ఎండబెట్టి, మూటలు కట్టి లారీకి వేస్తుంది. ఇద్దరూ ఇన్నేళ్ళుగా ఫోనులో "వదినా, వదినా" అని అరుచుకోవడమే తప్ప ఒకరి మొహం ఒకరు చూడలేదు. మార్కెట్లో పిల్లమ్మ చెప్పుకున్నది మాత్రం వేరు. తాను పుట్టింది తుమ్మలరేవులోనట, పోలమ్మ సాక్షాత్తూ అన్న పెళ్ళామట. పుట్టింటివాళ్ళు ఆడబిడ్డకు పుచ్చు సరుకు పంపుతారా అని ఎదురడిగితే కొనేవాళ్ళు ఏమంటారు? రెండు అంగళ్ళ అవతల నారాయణమ్మ కూడా అవే చేపలు అమ్మేది. కానీ ఆమె పుట్టిల్లు నంగలి. నంగలిలో సముద్రం లేదు కదా.

కొనేవాళ్ళు ఊరికే పోరు, ఆ ఊరి సంగతులు అడుగుతారు. పిల్లమ్మకు బాగా తెలిసిన ఊరు కోలారు గనులు ఒక్కటే. కాబట్టి తుమ్మలరేవు చరిత్ర ఈ విధంగా తయారైంది.

"మొదట తెల్లదొర వచ్చి సముద్రాన్ని కనిపెట్టినాడు. ఆయప్పే కంపెనీ పెట్టి, క్లబ్బు కట్టి, దీపస్తంభం ఎత్తినాడు. పొద్దున సైరన్ కొడితే ఫస్ట్ షిఫ్ట్ వాళ్ళు పడవెక్కల్ల. మధ్యాన్నం ఇంగో సైరన్, సెకండ్ షిఫ్ట్. అన్ని నీళ్ళుండాయి కదమ్మా, చలి చంపేస్తాది. మా నాయన స్వెట్టర్ లేకుండా చేపలు పట్టిందే లేదు."

ఒక్కరూ అనుమానించలేదు. కరెంటు, క్లబ్బు, చివరికి బేతమంగళ చెరువు నీళ్ళు కూడా కంపెనీ తెచ్చిపెట్టిన చోట, సైరన్‌కి నిద్రలేచిన మనుషులం మేము. సముద్రానికి మాత్రం ఒక మేనేజరు ఉండడా? నష్టాలొస్తే సముద్రాన్ని కూడా మూసేస్తారేమోనని నాకే ఒకసారి దిగులు పట్టుకుంది.

నిజం నాకు తెలిసింది చౌడప్ప వల్ల. బేతమంగళ నుంచి మా కొట్టుకు రాగులు తెచ్చే రైతు ఆయన. ఒకరోజు మూట దించి, ఎదుటి అంగడి చూసి ఆగిపోయాడు.

"ఈయమ్మ మా ఊరి పిల్లమ్మ కదప్పా! అమ్మా నాయనా చిన్నప్పుడే పోతే చిన్నమ్మ ఇంట్లో పెరిగింది. పెరిగిందేముంది, పేడ తీసింది. పెండ్లి చేసి వట్టి చేతులతో పంపించి, మళ్ళా ఈ గడప తొక్కొద్దనేసినారు."

ఆ మాట విన్నాక నేను నోరు మూసుకున్నాను. సగం పిల్లమ్మ నోటికి భయపడి. మిగతా సగానికి కారణం వేరే ఉంది. పండగ మరునాడు మార్కెట్ ఆడవాళ్ళంతా పుట్టింట్లో పెట్టిన చీరలు చూపించుకుంటారు. పిల్లమ్మ కూడా ఒక చీర చూపించి "మా వదిన పంపింది" అంటుంది. అది ఆమె ముందురోజు మా పక్క బట్టల కొట్లో కొనుక్కున్న చీర. కొనేటప్పుడు నేను చూశాను. ఆ మొహం చూశాక నిజం చెప్పాలనిపిస్తుందా? నాకైతే అనిపించలేదు.

ఈ మాఘమాసంలో నారాయణమ్మ మార్కెట్ నడిమధ్య నిలబడి అందరినీ పిలిచింది.

"పున్నమికి సముద్ర స్నానానికి పోదాం రండి. వ్యాన్ మాట్లాడేసినాను. యాడికో ఎందుకు, పిల్లమ్మక్క పుట్టింటికే పోదాం. అక్క పుట్టిన ఇల్లు చూసినట్లూ ఉంటాది."

చివరి మాట దగ్గర ఆమె నవ్విన నవ్వు నాకు నచ్చలేదు. సముద్ర స్నానం అనగానే మా ఇంటావిడ కామాక్షమ్మ ముందు సీటు పట్టేసుకుని, నన్నూ బయల్దేరదీసింది. పుణ్యానికి పోయేటప్పుడు చేపల వాసన పట్టించుకోకూడదట. ఇరవై ఏళ్ళుగా నేను ముక్కు మూసుకుంటున్నప్పుడు ఈ వేదాంతం ఎక్కడ దాచిందో!

ఆ సాయంత్రం పిల్లమ్మ మా కొట్టు మెట్లెక్కింది.

"శెట్టప్పా, మీరు చదువుకున్నోరు. సముద్రం ఎట్లుంటాది?"

"నీళ్ళుంటాయి," అన్నాను. నేను మాత్రం చూశానా!

"నీళ్ళుంటాయని నాకూ తెలుసు. ఇండ్లు యాడుంటాయి?"

"ఒళ్ళు బాగలేదని పడుకోరాదా?"

"పుట్టింటికి పొయ్యేదానికి ఏ ఆడదన్నా జొరమని పడుకుంటాదా? అప్పుడే పట్టేస్తారు." ఆమె వెనక్కి తిరిగి నారాయణమ్మ అంగడి వైపు చూసింది. "పోలమ్మకు ఫోన్ చేసి, మనుషులతో వస్తా ఉండానని మాత్రం చెప్పినాను. నీ పేరు చెప్పుకోని ఇన్నాళ్ళు మార్కెట్లో బతికినానని యా నోటితో చెప్పేది? పదిమందిలో నువ్వెవరు అనిందంటే, ఇంగ ఈ అంగట్లో నేను తలెత్తుకోని కూర్చోలేను."

నేను గుప్పెడు పటికబెల్లం చేతిలో పెట్టాను. ఆమె నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది.

పిల్లమ్మ చెప్పిన చలికి భయపడి మా వ్యాన్ మొత్తం స్వెట్టర్లు, మంకీ టోపీలు వేసుకుని తుమ్మలరేవులో దిగింది. దిగిన వెంటనే ఉక్కపోత పట్టుకుంది. మా కామాక్షమ్మ చెమటలు కక్కుతూ కూడా టోపీ తియ్యలేదు. "ఇంకా చలి మొదలుకాలేదేమో," అంది. దారిలో వల బాగుచేసుకుంటున్న ముసలాయన్ని "సైరన్ ఎప్పుడు కొడతారప్పా?" అని అడిగింది.

"తుఫానొస్తే కొడతారమ్మా," అన్నాడాయన, మా టోపీలను ఎగాదిగా చూస్తూ. "అది కొడితే ఎవురూ సముద్రం మీదికి పోరు."

ఆయనే చెప్పాడు. ఒకప్పుడు ఆ రేవు నుంచి ఉప్పు, పొగాకు ఓడల్లో పోయేవట. దక్షిణాన పెద్ద రేవు కట్టాక ఓడలన్నీ అక్కడికే పోయాయి. కప్పు కూలిన సుంకం కచేరీలో ఇప్పుడు మేకలు కట్టేసుకుంటున్నారు. పడవలు, ఐసు ఫ్యాక్టరీ, చేపలు ఎండేసే ఇసుక మాత్రం మిగిలాయి. కంపెనీ లేదు, క్లబ్బు లేదు. నారాయణమ్మ అన్నీ శ్రద్ధగా విని, పిల్లమ్మ వైపు తిరిగింది.

"అది సరే అక్కా, మీ ఇల్లేది?"

పిల్లమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. సరిగ్గా అప్పుడే సందులోంచి ఆడవాళ్ళ గుంపొకటి పరుగున వచ్చింది. "బంగారు గనుల ఆడబిడ్డ వచ్చిందంట! యాడుండాది మే?" అంటూ అందరూ పిల్లమ్మ మెడా చెవులూ వెతకసాగారు. గుంపు వెనకాల ఒక లావుపాటి ఆమె వచ్చింది. అదే పోలమ్మ. ఆమె మొహం పిల్లమ్మ మొహం కంటే తెల్లగా పాలిపోయి ఉంది.

సంగతి నాకు అర్థమైంది. మా మార్కెట్లో పిల్లమ్మ రేవు పుట్టిల్లని చెప్పుకుంటే, ఈ రేవులో పోలమ్మ బంగారు గనుల్లో ఆడబిడ్డ ఉందని చెప్పుకుంది!

"మే, గని ఇంకా తవ్వతా ఉండారా? బంగారం తెచ్చినావా?" అని ఒకామె అడిగింది. గని మూసి చాలా ఏళ్ళయిందని చెప్పడానికి మా నారాయణమ్మ నోరు తెరిచింది. పిల్లమ్మ ఒక్క అంగలో ముందుకొచ్చింది.

"బంగారానికేం తక్కువ? మా ఇంటి వెనకాల గుట్టలు గుట్టలుగా పోసుండారు. దొంగల భయానికి తేలేదు."

గుట్టలున్న మాట నిజమే. గనిలోంచి తోడి పోసిన సైనైడ్ మట్టి అది, గాలొస్తే కళ్ళల్లో పడుతుంది. పోలమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుని నారాయణమ్మ మీదికి వెళ్ళింది.

"ఏంది మే, ఇల్లేదని అడగతా ఉండావు? ఆడబిడ్డకి వాళ్ళిల్లు ఒకరు చూపియ్యాల్నా? రా వదినా, ఎండన పడి వచ్చినావు, కాళ్ళు కడుక్కుందువు."

చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మేమంతా స్నానానికి పోయాం. మా కామాక్షమ్మ పుణ్యం మొదటి అలకే కాళ్ళ కింది ఇసుకతో సహా జారిపోయింది, పట్టుకున్న పాపానికి నేనూ మునిగాను.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి పిల్లమ్మ పీట మీద కూర్చుని ఉంది. తల దువ్వి పూలు పెట్టారు. పోలమ్మ పసుపు రాసి, బొట్టు పెట్టి, రవికెగుడ్డ పెట్టి, ఒడిలో బియ్యం పోసింది. "ఆడబిడ్డని ఉత్త ఒడితో పంపితే మా ఇంటికి మంచిదా?" అంది. అది నటన కాదు. నటించే మనిషి అన్ని బియ్యం పోయదు.

పిల్లమ్మ ఒడి రెండు చేతులా పట్టుకుని భోరుమంది. మార్కెట్టంతా వణికే ఆ గొంతుతో, చిన్నపిల్లలా ఏడ్చింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దుఃఖంతోనే, చేపల వాసనతో కాదు. ఇక నిజం బయటపడిపోయిందనుకున్నాను. నారాయణమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని ఆమె భుజం తట్టింది.

"ఊరుకో అక్కా. పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు అందరికీ అంతే."

తిరుగు ప్రయాణంలో పిల్లమ్మ నా ముందు సీట్లో కూర్చుంది. ఒడి విప్పలేదు, అట్లాగే పట్టుకుంది. నేను ముందుకు వంగి మెల్లగా అడిగాను.

"సముద్రం ఎట్లుంది పిల్లమ్మా?"

"యాడ చూస్తిని శెట్టప్పా?" అంది, వ్యాన్‌లో అందరికీ వినపడేలా. "పుట్టింటికి పోతే వాళ్ళు గడప దాటనిస్తే కదా!"