పైపుకు ఆనించిన చెవి

తొంభైల చివర బత్తలపల్లెలో మాకు ఇంగ్లీషు చెప్పిన సారు, ఏ మాటనైనా ముందు చెవితో పట్టుకోమనేవారు.

"మర్మర్ అంటే సన్న సద్దప్పా. లాటిన్ వాళ్లు విన్న సద్దునే మాట చేసినారు. నీళ్లు పారేది మర్మరే, జనం గొణిగేది మర్మరే, చెడిన గుండెలో డాక్టరు వినేదీ అదే."

ఆ ఏళ్ల కరువులో ఆయన చేలో రెండో బోరు కూడా దుమ్మే పోసింది. బోరు బండివాళ్లు సామాన్లు సర్దుకుంటుంటే ఆయన మోకాళ్ల మీద వంగి బోరు పైపుకు చెవి ఆనించారు. చూడ్డానికి పోయిన పిల్లలమంతా ఊపిరి బిగబట్టాం.

"సద్దు ఉండాది" అన్నారు.

ఆయన భార్య ఒక అడుగు ముందుకు వేసింది. "నీళ్లేనా?"

ఆయన చెవి తీసి, మళ్లీ ఆనించి, చాలాసేపు విన్నారు. లేచి, చెవికంటిన మట్టి తుడుచుకున్నారు.

"కాదులే. నా గుండె కొట్టుకునేదే ఇనపడతాండాది."