కరెంటు పోయినప్పుడు విన్న మాట

మొన్న కోరుట్ల బజారులో దిండు గలేబుల కోసం నాలుగు మీటర్ల కోరా గుడ్డ కొన్నాను. దుకాణదారు గుడ్డ తాను విప్పి బల్ల మీద పరిచాడో లేదో, గంజీ, యంత్రాల నూనే, దూది పొట్టూ కలిసిన వాసన గుప్పున కొట్టింది. నేను గుడ్డ అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, మరకలేమీ లేవమ్మా కొత్త మాలే అన్నాడు. మరకల కోసం కాదని ఎట్లా చెప్పను? నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది. బడికి తొడుక్కున్న గౌనుకూ, తిన్న అన్నానికీ, పడుకున్న చాపకూ అదే వాసన.

మాది సిరిసిల్ల. సముద్రం మేమెవ్వరం చూడలేదు, మాకు మానేరు వాగు ఉండేది. వానాకాలం ఎర్రనీళ్ళతో అది ఒడ్డు మీదికి ఎగబాకితే వాడంతా పోయి చూసి వచ్చేది. కాల్చిన మక్కకంకులు తింటూ పెద్దవాళ్ళు నీళ్ళు ఎన్ని మెట్లు ఎక్కాయో వాదులాడుకునేవాళ్ళు. ఎండాకాలం వచ్చేసరికి అదే వాగు అటు ఒడ్డు దాకా తెల్లటి ఇసుక అయ్యేది, ఆ ఇసుకలో చెలిమలు తీసి, అడుగున ఊరే చల్లటి నీళ్ళను మేము చెంబుతో తోడుకుని తాగేవాళ్ళం. సద్దుల బతుకమ్మ నాడు ఊళ్ళోని ఆడవాళ్ళంతా తంగేడు, గునుగు పూల బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని అక్కడికే వచ్చేవాళ్ళు, బతుకమ్మను నీళ్ళలో వదిలాక బెల్లం, నెయ్యి వేసి పిసికిన మలీద ముద్దలు చేతుల్లోకి వచ్చేవి. పీర్ల పండుగప్పుడు మా వాడలో మాకూ తురకోళ్ళకూ తేడా తెలిసేది కాదు, నిప్పుల గుండం చుట్టూ అందరమూ కలిసే తిరిగేవాళ్ళం, షర్బతు దగ్గర మాత్రం నేను రెండుసార్లు వరుసలో నిలబడేదాన్ని.

ఇవన్నీ పండుగ సంగతులు. మిగతా రోజులన్నీ సాంచాల చప్పుడే. మరమగ్గాన్ని మా ఊళ్ళో సాంచా అంటారు. పొద్దున లేచింది మొదలు ఇంటింటి షెడ్డులో అవి దడదడలాడుతూ ఉంటే, పక్క ఊరినుంచి వచ్చిన చుట్టాలు గంటసేపటికే తల పట్టుకునేవాళ్ళు. మాకు ఆ చప్పుడు ఉన్నట్టే తెలిసేది కాదు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, మా వాడలో గోడల చెవులు కూడా దిబ్బళ్ళు పడి ఉండాలి.

అంత చప్పుడులో మాట్లాడుకోవడానికి మావాళ్ళకు వేరే పద్ధతి ఉండేది. ఎదుటి మనిషి పెదవులు చూసి మాట తెలుసుకునేవాళ్ళు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని, బొటనవేలు నోటి దగ్గర వంచితే చాయ్ వచ్చిందని, లేని మీసం దువ్వినట్టు చేస్తే ఆసామి వస్తున్నాడని అర్థం. ఆసామి అంటే షెడ్డు సొంతదారు. ఆయనకు నిజంగానే బుర్రమీసాలుండేవి, ఆ సైగ తన గురించేనని ఆయనకూ తెలుసు. ఇక రహస్యం చెప్పుకోవాలంటే పద్ధతి తిరగబడేది. పెదవులు ఆడిస్తే షెడ్డు ఆ మూలనున్న వాడికి కూడా తెలిసిపోతుంది కనుక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎదుటివాళ్ళ చెవిలో గొంతెత్తి అరిచేవాళ్ళు. మా ఊళ్ళో రహస్యాలు అరిచే చెప్పుకోవాలి. ఇది నేను పెళ్ళై కోరుట్ల వచ్చి, మా అత్తగారి చెవిలో ఒకటి రెండుసార్లు అరిచి చీవాట్లు తిన్నాక గానీ వింత అని నాకు తట్టలేదు.

మా ఊళ్ళో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని అంటారు. మా బాపు రాజేశం ఆ ఆసామి షెడ్డులో ఆరు సాంచాలు నడిపేవాడు. మా అవ్వ లచ్చవ్వ అదే షెడ్డులో గోడవారన కూర్చుని దారపు కండెలు చుట్టేది. పక్కనే మా చిన్నమ్మ దేవవ్వ. అవ్వ నవ్విందంటే సాంచాల చప్పుడు దాటి వీధిలోకి వినిపించేది. బడి వదలగానే నేను నేరుగా షెడ్డుకే పోయి, అవ్వ పక్కన దూది పొట్టులో కూర్చుని, సర్వపిండి ముక్క తింటూ ఇంటిలెక్కలు చేసుకునేదాన్ని.

నేను అయిదో తరగతిలో ఉండగా, ఒక ఎండాకాలం సాయంత్రం కరెంటు పోయింది. కరెంటు పోతే మా ఊరికి పండుగే, అందరూ వీధి అరుగుల మీదికి వచ్చి కూర్చునేవాళ్ళు. అప్పుడే మైకు కట్టిన రిక్షా మా వీధిలోకి వచ్చింది. రేపు నల్లా నీళ్ళు రావని, ఫలానా వాడలో ఎర్రటి ఆవు తప్పిపోయిందని, ఊళ్ళో జరిగినవీ జరగబోయేవీ అన్నీ మాకు ఆ మైకే చెప్పేది. రిక్షా మా బాపు వీపు వెనక నుంచే పోయింది. బాపు తల తిప్పలేదు. అది దాటి మలుపు తిరిగాక అవ్వతో, మైకాయన ఈ వారం రాలేదేం అని గట్టిగా అడిగాడు. మా అరుగు మీద మేం ముగ్గురమే ఉన్నాం. అవ్వ నా తొడ మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

ఆ రాత్రి అన్నం పెడుతూ నాకు ఒక్కటే చెప్పింది, ఈ ముచ్చట ఎవరితోనూ అనొద్దని. సాంచా నడిపేవాడికి కళ్ళకంటే చెవులే ముఖ్యం. దారాన్ని మోసుకుంటూ అటూ ఇటూ ఉరికే నాడె చప్పుడులో కాస్త తేడా రాగానే, చూడకుండానే చెయ్యి పోయి సాంచా ఆపాలి. ఆపకపోతే గజాల కొద్దీ గుడ్డ పాడవుతుంది, ఒక్కోసారి నాడె ఎగిరివచ్చి మనిషి కంటికి తగులుతుంది. చెవులు వినపడని వాడిని ఏ ఆసామీ సాంచాల మీద ఉండనివ్వడు. బాపుకు వేరే పని రాదు. నేను భయపడ్డాను. పది పన్నెండు రోజులు షెడ్డులో లెక్కలు చేయడం మానేసి, బాపు సాంచాలనే చూస్తూ కూర్చున్నాను.

అవ్వకు ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఊపిరాడలేదు. కొడిమ్యాలలో ఎవరో చెవుల్లో పసరు పోస్తారని చిన్నమ్మకు తెలుసు, కనుక్కోవాలనుకుంది. చిన్నమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, అయినా అడగక తప్పలేదు. ఒకనాడు మధ్యాహ్నం చాయ్ వేళ అవ్వ, ఒళ్ళో నిండా కండెలతో, రెండు చేతులా వాటిని గంపలోకి ఎత్తుతూనే, చిన్నమ్మ చెవి దగ్గరకు వంగి గొంతెత్తింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. కరెంటు పోయిందని చెవి తెలుసుకునేలోపే నోరు మాట పూర్తి చేసింది.

"దేవవ్వా, మీ బావకు చెవులు ఇనవడుతలేవే. ఆసామికి ఎరుకైతే సాంచాల మీదికెల్లి దించుతడు."

ఆ నిశ్శబ్దంలో మాట షెడ్డు మూలమూలకూ పోయింది. వాకిట్లో ఆసామి చాయ్ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. పదిమంది పనివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అందరి చూపులూ బాపు మీదే. బాపు మాకు ఎదురుగా మూడో సాంచా దగ్గర నిలబడి, తెగిన దారపు కొసను వేళ్ళ మధ్య నలుపుతున్నాడు. తల వంచుకుని ముడి వేశాడు. తన గురించిన మాట షెడ్డంతా విన్నా ఆయన ఒక్కడే వినలేదు. అవ్వ చేతుల్లోంచి కండెలు జారి నేలంతా దొర్లాయి. నేను వాటిని ఏరుతున్నట్టు నటిస్తూ ఏడ్చాను.

ఆసామి చాయ్ తాగడం అయ్యాక గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మరునాడు వచ్చి, రాజేశం, గా మూలకు ఉక్క ఎక్కువున్నది, నువ్వు కిటికీ దిక్కు సాంచాలు చూస్కో అని బాపు ఎదురుగా నిలబడి, మాట మాటకూ పెదవులు విప్పి చెప్పాడు. కిటికీ దిక్కున పక్క సాంచాలు ఖాజా మామవి. మా ఇంటికి నాలుగు ఇళ్ళవతల ఉండేవాడు, షెడ్డులో అందరికంటే చెవి పదునున్నవాడు. ఆ రోజునుంచి ఖాజా మామ తన ఆరు సాంచాలతో పాటు బాపు ఆరింటినీ వినడం మొదలుపెట్టాడు. ఏదైనా తేడా వస్తే వేస్టు దారం ఉండ చేసి బాపు భుజం మీదికి విసిరేవాడు. బాపు చూసి సాంచా ఆపేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు, ఏదో ఆట ఆడుకుంటున్నట్టు.

వాడంతా అంతే. చిన్నమ్మ నోట్లో జీవితంలో మొదటిసారి నువ్వుగింజ నానింది. హోటలాయన చాయ్ అని కేక వేయకుండా గ్లాసు తెచ్చి చేతికిచ్చేవాడు. వీధిలో ఎవరికైనా బాపుతో పని పడితే నాలుగడుగులు ముందుకు పోయి, ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ళు. ఎవరూ ఎవరితోనూ ఇట్లా చేద్దామని అనుకున్నది లేదు. బాపు తన సంగతి ఎవరికీ తెలియదనే ధీమాతో ఇంకా పద్దెనిమిదేళ్ళు సాంచాలు నడిపాడని మేమంతా అనుకున్నాం.

మారింది అవ్వే. షెడ్డులో ఆమె నవ్వు మళ్ళీ వినపడలేదు. ఎవరి చెవిలోనూ ఒక్క మాట చెప్పలేదు. బాపుతో మాత్రం, చేస్తున్న పని ఏదైనా సరే పక్కన పెట్టి, ఆయన ముందుకు వచ్చి, ముఖంలోకి చూస్తూ మెల్లగా మాట్లాడేది. పొయ్యి మీద చారు పొంగిపోతున్నా అంతే. ఉప్పు సరిపోయిందా అని అడగడానికి కూడా వచ్చి ఎదురుగా కూర్చునేది. ప్రాణం పోయేముందు నా చేయి పట్టుకుని, ఆనాడు నేను గట్టిగ ఒర్రిన ముచ్చట మీ బాపుకు ఎన్నడూ చెప్పకు బిడ్డా అంది. నేను చెప్పనని మాటిచ్చాను. అది జరిగి రెండేళ్ళయింది.

అవ్వ పోయాక బాపును కోరుట్లకు తెచ్చుకున్నాను. సంవత్సరం పాటు బతిమాలితే, పోయిన నెల జగిత్యాలలో చెవుల డాక్టరు దగ్గరికి వచ్చాడు. డాక్టరు ఒక కాగితం మీద రాసి చూపించి, ఎన్నేళ్ళనుంచి వినపడటం లేదని అడిగాడు. బాపు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మా ఇంటామె షెడ్డుల ఒర్రిన దినానికి రెండేండ్ల ముందటి సంది, అన్నాడు.

బస్సులో కూర్చున్నాక ఆయన ముఖం నా వైపు తిప్పుకుని, నీకెట్లా తెలుసని అడిగాను. బాపు నన్నే వింతగా చూశాడు. ముప్పయ్యేళ్ళు సాంచాలు నడిపినోనికి మూతి చూస్తే మాట తెల్వదా అన్నాడు. అవ్వ రెండు చేతులూ కండెల్లో ఉన్నాయి, కొంగు అడ్డం పెట్టుకోలేదు. దారం ముడి వేస్తూ అంతా చూశాడు. ఆ తర్వాత ఆసామి కిటికీ మాటా, ఖాజా మామ దారపు ఉండలూ, అన్నీ ఎందుకో తెలిసే, తెలియనట్టు ఉన్నాడు. వాళ్ళు అంత మంచిగా దాస్తుంటే నాకు తెలుసని చెప్పి వాళ్ళ ముఖాలు చిన్నబుచ్చడం ఎందుకనుకున్నాడట.

నాకు కోపం వచ్చింది. వాళ్ళ సంగతి సరే, అవ్వ మాటేమిటి? ఆ ఒక్క అరుపు కోసం జీవితమంతా కుమిలిపోయిన మనిషికి, నేను విన్నాను, పరవాలేదు అని ఒక్క మాట చెబితే ఏం పోయింది? ఇదంతా బస్సులోనే, పక్కవాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా, ఆయన కళ్ళ ముందు పెదవులు విప్పి విప్పి అడిగాను.

బాపు మెల్లగా అన్నాడు.

"చెప్పుదామనే అనుకున్న. గని చెప్తే, ఇగ నా ముందటికచ్చి మాట్లాడది గదా బిడ్డా. గట్ల నా మొఖం జూసుకుంట మాట్లాడుతుంటే మంచిగనిపిస్తుండె."

ఆ షెడ్డు ఇప్పుడు లేదు, దాని చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఖాజా మామ కన్ను మూశాడు. ఊళ్ళో కొత్త రకం మగ్గాలు వచ్చాయి, వాటికి నాడె లేదు, వాటి పక్కన మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. ఎవరి పెదవులూ ఎవరూ చదవనవసరం లేదు. మైకు రిక్షా చెప్పేవన్నీ ఇప్పుడు ఫోన్లలోకే వస్తున్నాయి.

డాక్టరు రాసిన మిషను బాపు చెవిలో పెట్టుకున్నాడు. మొదటి రోజు కుక్కరు విజిల్‌కు ఉలిక్కిపడి నవ్వాడు. అందరమూ సంతోషించాం. ఆయనకు వినపడుతుంది కదా అని మా పిల్లలు ఫోనులోంచి తల ఎత్తకుండా, నేను వంటింట్లోంచి, మా ఆయన వాకిట్లోంచి మాట్లాడటం మొదలుపెట్టాం. పదిరోజులు గడిచాక చూస్తే, మిషను డబ్బాలో పెట్టి ఉంది. బాపు వసారాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పెట్టుకోలేదేం అని వంటింట్లోంచే కేక వేశాను. స్టవ్ తగ్గించి, చేతులు తుడుచుకుని, పోయి ఆయన ఎదురుగా కింద కూర్చున్నాను. బాపు నా ముఖంలోకి చూశాడు. ఇవాళ కూర ఏం చేయాలని అడిగాను.