గండికోట మార్కు గుడ్డ

ఆయన పేరు నేను అడగలేదు. యుద్ధం రోజులు, మగ్గాలకు నూలు దొరకని కాలం. ఎర్రగుంట్లలో పాసింజరు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఒళ్లో మడత విప్పని తెల్లగుడ్డ ఉంది. బండి కదిలాక దాని కొస నా ముందు పెట్టాడు.

“చదువుకున్నట్టుండావు. ఈ ముద్రలో ఏముండాదో సూడప్పా.”

కోట బొమ్మ, దాని కింద తెలుగులో ‘గండికోట’ అని ఉంది. చదివి చెప్పాను.

“అంగడాయన నిజమే చెప్పినాడు. మాది గండికోట పక్కన పల్లె, నేతపని. పొద్దున మాయమ్మ పోయింది.”

తర్వాత గుడ్డ సంగతి చెప్పాడు. వాళ్లింట్లో చనిపోయినవాళ్లకు సొంత ఊరి మగ్గం మీద నేసిన గుడ్డే కప్పుతారట. కప్పేముందు కొడుకు వంగి, ఆ గుడ్డ ఎక్కడిదో శవం చెవిలో చెప్పాలట.

“మగ్గం నిలబడి శానా దినాలాయ. ఊర్లో యాడా మూరెడు గుడ్డ ల్యాదు. సచ్చినోళ్లకు అబద్ధం చెప్పగూడదు. గండికోట గుడ్డ అంటే అబద్ధం గాదు కదప్పా?”

మాట్లాడుతున్నంతసేపూ ఆయన వేళ్లు గుడ్డను నలుపుతూనే ఉన్నాయి. అది మిల్లుగుడ్డ అని నాకే తెలుస్తోంది. పుట్టినప్పటి నుంచి నూలు పట్టిన ఆ చేతులకు తెలియదా?

“అబద్ధం కాదు,” అన్నాను.

కోట పేరు కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో మిల్లు ఉన్న ఊరు పేరు అచ్చయి ఉంది. నా చూపు అటు పోవడం గమనించి, దాని మీద బొటనవేలు పెట్టాడు.

“అది సదవొద్దులేప్పా.”

ముద్దనూరులో దిగేదాకా ఆ వేలు తీయలేదు.