నాగర్‌కర్నూల్ నౌకరీ విడిచిన సంగతి

మా ముత్తాత వనపర్తి సంస్థానానికి శిస్తు వసూలు చేసి పంపిన దేశముఖు. ఆయన కొడుకు, అంటే మా తాత, బిజినేపల్లి పక్కన మా ఊరికీ చుట్టుపట్ల మరికొన్ని ఊళ్ళకూ పటేలు. తగాదాలు కోర్టుకు పోయే ముందు మా గడి, అంటే మా కోటలాంటి ఇంటి, అరుగు దగ్గరికి వచ్చేవి. తాత వీధిలోకి వస్తే మంచం మీద కూర్చున్నవాళ్ళు దిగి నిలబడేవారు. మా నాన్న కాలానికి పటేలుగిరీ పోయింది, సీలింగు చట్టం కింద భూమి పోయింది, మిగిలింది నీళ్ళు పడని బావుల్లోనూ పెళ్ళిళ్ళలోనూ కరిగింది. ఏడవడానికి ఇదంతా చెప్పడం లేదు. నేను ఎవరి బిడ్డనో తెలియకపోతే నాగర్‌కర్నూల్‌లో జరిగింది అర్థం కాదు.

మా ఇంట్లో జీతానికి పనిచేసిన మొదటి మనిషిని నేనే. ఎనభైల చివర్లో హైదరాబాదులో నర్సు చదువు పూర్తిచేసి, నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో చేరాను. చదువు వేరు, వార్డు వేరు అని మొదటి రోజే తెలిసింది. పిల్లల చేతిలో సూదికి దొరకని నరం ఎట్లా పట్టాలో, కాన్పు నొప్పులు ఎప్పుడు పెరుగుతున్నాయో పక్కన నిలబడి ఎవరైనా చూపించాలి. అక్కడ చూపించేవారు లేరు. పెద్ద సిస్టర్‌ను అడిగితే, "మీ గడీల నౌకర్లుంటరు గద, వాండ్లను అడుగు" అనేది. నేను వార్డులోకి రాగానే, "దొరసాని వచ్చింది, లేవుండ్రి!" అని గట్టిగా అరిచి నవ్వేది. డాక్టరు నా తప్పులను రోగుల ముందే లెక్కపెట్టేవాడు, ఒప్పు ఎట్లాగో మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ఆదివారం ఇంటికి పోతే నాన్న ఒకటే మాట. "విడిచిపెట్టి రా బిడ్డా. ఒకరి కింద చేసే గతి మనకింకా పట్టలే."

పోతే ఓడిపోయినట్టు. ఉంటే పని రాకుండానే ముసలిదాన్నయ్యేట్టు. ఈ రెండే నాకు కనిపించేవి. ఓడిపోవడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు కనుక పళ్ళు బిగించి అక్కడే ఉన్నాను.

అప్పుడు మా ఊరి నుంచి ఒకామె వచ్చింది. వాళ్ళవి తరాలుగా కూలి చేసుకుని బతికే కుటుంబాలు. ఏటా వానలు ముగియగానే, కూలీలను కుదుర్చుకుపోయే మేస్త్రి వెంట జట్టుగా కాలువ పనులకూ డ్యాం పనులకూ పోయేవారు. ఆమె పూనా చూసింది, బొంబాయి చూసింది. గర్భసంచి ఆపరేషన్ చేసి మంచం మీద పడుకోబెట్టారు. మరునాడు పొద్దున నేను మందులు పట్టుకుని వార్డులోకి అడుగుపెట్టాను. ఆమె నన్ను చూసింది. చూడడంతోనే చేయి ఊని మంచం దిగి, తలమీద కొంగు సర్దుకుని నిలబడింది.

నేను ఉరికి పట్టుకునేలోపు చీర మీద నెత్తురు మరక కనిపించింది. పై కుట్లు విడిపోయాయి.

డాక్టరు వచ్చాడు. ఆమెను మంచం దింపింది నేనేనని పెద్ద సిస్టర్ చెప్పింది. "ఇది మీ గడి కాదు! దండాలు పెట్టించుకునే సోకుంటే ఇంట్ల కూసో" అన్నాడు డాక్టరు, వార్డంతా వినేటట్టు.

"ఆమె దిగుమనలే సారూ, నేనే దిగిన" అని ఆ మనిషి నొప్పిలోనే చెప్పింది. ఆయన ఆమె మాటా వినలేదు, నన్నూ అడగలేదు. నేను తల దించలేదు. ఆయన పోయేదాకా నిటారుగానే నిలబడ్డాను.

మళ్ళీ కుట్లు వేశారు. ఆమెకు కట్టు మార్చే పని నాకే అప్పగించారు. తలుపు దగ్గరి నుంచే, "నేనిక్కడ సిస్టర్‌ను, కదలొద్దు" అని చెప్పేదాన్ని.

"నాకెరుకే దొరసాని. కాళ్ళకు తెల్వదు. వాటికవే దిగుతయ్" అనేది. ఇక నేను వస్తున్నానని తెలిస్తే చాలు, ఆమె కోడలు గబగబా వచ్చి అత్త రెండు కాళ్ళనూ ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుని కూర్చునేది. "పెండ్లైనంక గిప్పుడు దొరికింది అత్తను కట్టేసే మోకా" అని ఆ పిల్ల అంటే, పక్క మంచాలవాళ్ళు పడీపడీ నవ్వేవారు.

కుట్లు విప్పే రోజున ఆమె నన్ను సూటిగా అడిగింది.

"గా పెద్ద సిస్టర్ నీకేమన్న నేర్పుతదా?"

"లేదు."

"డాక్టరు?"

"లేదు."

"మరేం చేస్తున్నవ్ ఈడ?"

"విడిచి ఇంటికి పోతే ఓడిపోయినట్టు కాదా?" అన్నాను.

ఆమెకు నవ్వు ఆగలేదు. రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. "నవ్వియ్యకు దొరసాని, మళ్ళ పలుగుతది! ఇంటికి ఎవరు పొమ్మన్నరు? మేస్త్రి మంచోడు కాకుంటే మేం ఊరికి మర్లుతమా? ఇంకో మేస్త్రి జట్టుల కలుస్తం. మేస్త్రిని విడుస్తం గని పార విడుస్తమా?" జర ఊపిరి పీల్చుకుని మళ్ళీ అంది. "మీ ఇంట్ల ఎవ్వరు పనికి పోలే గద. గందుకే నీకు తెల్వది."

ఆ చివరి మాటకు నాకు కోపం వచ్చింది. మా తాత ముందు అట్లా అనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అయినా బస్టాండు దాకా నడిచేలోపు కోపం పోయి, ఆ మాట మాత్రం మిగిలింది. నేను విడవవలసింది ఆ దవాఖానను, నా పనిని కాదు. ఇంత చిన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో లేరు.

నాతో నర్సు చదివిన అమ్మాయి అక్క గద్వాలలో ఒక దవాఖానలో చేసేది. ఆమె ద్వారా అడిగించి, ఒక సెలవు రోజున చూడడానికి పోయాను. బస్సు కృష్ణ దాటి ఎర్రవల్లి దగ్గర మలుపు తిరిగింది. అక్కడి కాన్పుల వార్డు సిస్టర్ లావుపాటి మనిషి, గొంతు పెద్దది. "తెల్వదు అంటే తెల్లారేదాంక చెప్త. తెల్వకుంట చేసినవో, వీపు పగుల్తది. సమజైందా?" అంది. నా చెయ్యి పట్టుకుని నొప్పులు పడుతున్న ఒక నేతగాళ్ళ పిల్ల పొట్ట మీద పెట్టించి, "ఇగో, గిట్ల గట్టి పడుతున్నదా? గిదే. మనసుల పెట్టుకో" అంది. అంత సుఖంగా నేను ఎన్నడూ తిట్లు తినలేదు.

అయితే వాళ్ళ షరతు ఒకటుంది. కాన్పుల పని చేతికి వచ్చేదాకా జీతం ఇవ్వరు.

నౌకరీ విడుస్తున్నానని నాగర్‌కర్నూల్ డాక్టరుకు ఎదురుగా నిలబడి చెప్పాను.

"ఏడికి పోతవ్ దొరసాని?" అన్నాడు.

"నేర్పేటోళ్ళ దగ్గరికి" అన్నాను.

నాన్నకు కూడా చెప్పాను. "ఆడ ఎవరి బిడ్డవని అడిగితే ఏం చెప్తవ్?" అన్నాడు.

"మీ పేరే చెప్త. దాచేదేముంది?"

ఆయన లేచి కండువా వేసుకుని బయటికి పోయాడు.

గద్వాలలో నా గది అద్దెకూ, జీతం వచ్చేదాకా తిండికీ, మా ఇంటి వెనుక గుర్రాలసాల స్థలాన్ని నాన్నే బేరం కుదిర్చి అమ్మాడు. కొన్నాయన అక్కడ వడ్ల మిల్లు పెట్టాడు.