సముద్రం పక్కనే ఉన్న ఇల్లు

మా అన్న కూతురు గల్ఫుకు పోతోందన్న సంగతి నాకు ఐరాల పాల కేంద్రం దగ్గర తెలిసింది. క్యాన్లు దించుకుంటూ ఎవరో అనుకుంటుంటే చెవిన పడింది. అన్న ఇంటికీ మా ఇంటికీ నడుమ ఉండేది ఒక్క గోడ. ఆ గోడ మీదుగా కూర గిన్నె వస్తుంది, మజ్జిగ చెంబు పోతుంది, ఈ కబురు మాత్రం రాలేదు. ఆ పిల్ల పోయేది నేను ఏళ్ల తరబడి కారు నడిపి వచ్చిన దేశానికే. ఆ దేశం గురించి మా ఊళ్లో అందరూ మాట్లాడతారు. విమానం ఎక్కనివాళ్లు ఇంకా బాగా మాట్లాడతారు. నన్ను మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

అడగకపోవడం కొత్తేమీ కాదు. మా వైపు గల్ఫు నుంచి మనిషి దిగితే ముందు పెట్టె విప్పాలి. ఇంటి పెద్ద తాడు కోస్తాడు, చుట్టాలంతా చుట్టూ కూర్చుంటారు. అత్తరు ఎవరికి, దుప్పటి ఎవరికి, టార్చిలైటు ఎవరికి అని పంపకం ముగిసేదాకా వచ్చిన మనిషి మాటకు విలువ లేదు. నేను మొదటిసారి సెలవు మీద వచ్చేసరికి మా నాయన పోయి కొన్ని నెలలైంది. ఆయన కూర్చోవలసిన చోట అన్న కూర్చుని తాడు కోశాడు.

“నాయన పోతే రాలేదు గానీ, పెట్టె మాత్రం బాగానే కట్టుకోనొచ్చినాడు” అన్నాడు.

కొందరు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

“అప్పుడు పాస్‌పోర్టు సేటు బీరువాలో ఉండిందన్నా. కాళ్లు పట్టుకున్నా ఈలేదు” అన్నాను. మేము అక్కడ యజమానిని సేటు అనేవాళ్లం.

అన్న తలెత్తి గోడ మీద ఫోటో చూశాడు. నేను పంపిందే. తెల్ల చొక్కా వేసుకుని పెద్ద కారుకు ఆనుకుని నిలబడ్డాను, వెనక అద్దాల మేడలు. నాయన దానికి చట్రం కట్టించి తగిలించాడు.

“అట్లాంటి దేశంలో పాస్‌పోర్టు దాసిపెడతారంట. కతైనా నమ్మేట్టు సెప్పాల కదప్పా” అన్నాడు అన్న. ఆ వెంటనే ఇంకో పొట్లం విప్పాడు. వాళ్లకు ఆ మాట అక్కడితో అయిపోయింది.

నేను ఆ దేశాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. కొళాయి తిప్పితే నీళ్లు ఆగేవి కావు. మాకేమో బోర్లు ఎండి, మామిడి చెట్లకు ట్యాంకర్లతో తోలిన ఎండాకాలాలు గుర్తున్నాయి. అంబులెన్సు కూత వినబడితే రోడ్డంతా రెండుగా చీలి దారి ఇచ్చేది. నాకు కిడ్నీలో రాయి వచ్చినప్పుడు వాళ్ల సర్కారు ఆసుపత్రిలో నన్ను మనిషిలాగే చూశారు. తెల్లవారుజామున పొయ్యిలోంచి తీసిన రొట్టెను కాగితంలో చుట్టించుకుని, పక్కింటి మలయాళీ డ్రైవరూ నేనూ కారు బానెట్ మీద పెట్టుకుని తినేవాళ్లం. ఎదురుగా సముద్రం ఉండేది. ఇప్పటికీ నిద్ర లేవగానే ఆ రొట్టె వాసన కోసం ముక్కు వెతుకుతుంది. అంత మంచి రొట్టె మళ్లీ తినలేదు.

నేను కారు నడిపే సేటు ఇంట్లోనే మా పీలేరు వైపు ఆడమనిషి ఒకామె పిల్లల్ని చూసుకునేది. పిల్లల్ని బడిలో దించేటప్పుడు వెనక సీట్లో కూర్చుని వచ్చేది. నాతో మాట్లాడకూడదని ఇంటివాళ్ల కట్టడి. ఒకరోజు పిల్లలు దిగిపోయాక, అద్దంలోకి చూడకుండా అడిగింది.

“అన్నా, ఈడ సముద్రం ఉండాదంట కదా. శానా దూరమా?”

ఆమె పడుకునే గది వెనక రెండు సందులు దాటితే సముద్రం. అలల చప్పుడు రోజూ వింటూనే ఉందట. ఏసీ మిషన్ శబ్దం అనుకుందట. ఆమె ఆ ఇంటికి వచ్చి అప్పటికి ఏళ్లయింది. వీధి తలుపు తాళం ఎప్పుడూ సేటు భార్య దగ్గర ఉండేది.

ఒక శుక్రవారం ఆమెను పిల్లలతోపాటు సముద్రం దగ్గరికి తీసుకుపోతానని సేటును అడిగాను. నీ పని కారు నడపడం అన్నాడు. మళ్లీ అడిగాను. ఆ ఏడు నాకు సెలవు లేదన్నాడు. నాయన పోయింది ఆ ఏడే. ఆ సంగతి పెట్టె విప్పిన రోజు చెప్పాలని ఎంత ఆశపడ్డానో!

అన్న మొదటి నుంచీ ఇలాంటివాడు కాదు. చిన్నప్పుడు మా చెరుకు తోటలో గానుగ ఆడేటప్పుడు, పాకం దిగగానే వేడి బెల్లాన్ని చెరుకాకు మీద వేసి, ఊది ఊది చల్లార్చి నా చేతిలో పెట్టేవాడు. నాలుక కాలిందేమో చూపించమనేవాడు. నేను గల్ఫులో ఖర్జూరం పాకం తిన్నప్పుడల్లా గుర్తొచ్చింది ఆ అన్నే.

అన్న కూతురు డిగ్రీ చదివింది. తిరుపతిలో బట్టల అంగట్లో పొద్దస్తమానం నిలబడి చీరలు పరుస్తుంది. కాళ్లు వాచిపోతాయి. పోవాలనుకోవడంలో తప్పు లేదు. వచ్చే వారం చెన్నైలో విమానం. నిన్న అన్న గోడ దగ్గరికి వచ్చాడు, నా పెద్ద పెట్టె కావాలన్నాడు. ఇస్తాను, ముందు ఒక మాట చెప్పమన్నాను.

“నువ్వు పొయ్యి బాగుపడొచ్చినావు. ఇంకొకరు పోతే కడుపుమంటా?” అని వెళ్లిపోయాడు.

అన్నా, పెట్టె తుడిచి వరండాలో పెట్టాను. తాడు కూడా కొత్తది కొన్నాను. తీసుకుపో. ఆ దేశం రోడ్లు బాగుంటాయి, నిజమే, వాటిమీద నేనే నడిపాను. నేను అడిగేది రోడ్ల గురించి కాదు. ఇక ఇక్కడ ఉండలేను అని నీ కూతురు అనుకున్న రోజున, పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని, తలుపు తీసుకుని, తనంతట తాను బయటికి రాగలదా? నీకు తెలియకపోతే ఏజెంటును అడుగు. వాడు రోడ్లూ మేడలూ చెబితే ఊరుకోకు, మళ్లీ ఇదే అడుగు. అడిగి, ఆ పిల్ల విమానం ఎక్కకముందే, గోడ దగ్గరికి వచ్చి నాకు జవాబు చెప్పు.