అన్నయ్యకు చేరని కబురు

ఏళ్ళ తరబడి గుండెలో కుంపటిలా పెట్టుకు తిరిగిన మాట ఇది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

యానాంలో ఫ్రెంచివాళ్ళు ఇంకా ఉన్న రోజుల్లో మా నాన్న పెద్దపేగులో కేన్సరు గడ్డ లేచి చనిపోయారు. నేను మాత్రం మా వదినే మజ్జిగలో మందు పెట్టిందని నమ్మాను. ఎందుకు? వంటింటి తలుపు ఓరగా వేసుకునేది. నన్ను చూసి మాట ఆపేది. మొగుడు పోయి పుట్టింటికి చేరిన నాకు అంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది.

కర్మకాండలయ్యాక డాక్టరుగారు నన్ను పిలిపించారు. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో వస్తుందట, అన్నయ్యను ఒంట్లో బాగున్నప్పుడే చూపించమన్నారు. మలంలో కంటికి కనపడని నెత్తురుందేమో చూడటం సులువే కానీ, లేదని వచ్చినా ధైర్యంగా ఉండటానికి లేదట. కాకినాడలో గొట్టం పెట్టి చూస్తే కింది పేగు కళ్ళారా కనిపిస్తుంది, పైది అందదు. సుద్దలాంటి ద్రవం ఎక్కించి ఎక్స్‌రే తీస్తే పేగంతా తెలుస్తుంది, చిన్న గడ్డలు తప్పిపోవచ్చు. ముందు గొట్టం పరీక్ష చేయించమన్నారు.

యానాం దగ్గరి మెట్టకూరులో మా ఇంటి అరుగు మీద అన్నయ్య అడిగాడు.

"డాక్టరుగారు ఏవన్నారే?"

"తిండిలో ఏదో తేడా జరిగే ఆ గడ్డ లేచుంటాదన్నారన్నయ్యా."

"ఎవరి చేతి తిండి?"

నేను వంటింటి వైపు చూశాను.

నిజం చెబితే వదిన తప్పు లేదని తేలిపోతుంది. అది ఓర్చుకోలేకపోయానా? అన్నయ్య ప్రాణం కన్నా నా అనుమానమే నాకు ముద్దయిందా? ఆ డాక్టరును కూడా వదినే మంచి చేసుకుని అలా చెప్పించిందేమోననుకున్నానని ఇప్పటికీ నాకు నేను సర్దిచెప్పుకోబోతాను. అది అబద్ధమేమీ కాదు. కానీ చాలదు.

ఆనాటి నుంచి అన్నయ్య వదిన చేతి మజ్జిగ ముట్టలేదు. కొన్నేళ్ళకు నెత్తురు పడింది. మొలలనుకున్నాడు. కాకినాడ వెళ్ళేసరికి గడ్డ కాలేయానికి పాకింది. మీ నాన్నగారికీ ఇదే వచ్చిందంటున్నారు, ముందే చూపించుకోమని ఎవరూ చెప్పలేదా అని అక్కడి డాక్టరు అడిగితే అన్నయ్య లేదన్నాడు. నేను ఆ మంచం పక్కనే నిలబడి ఉన్నాను. ఆఖరిదాకా అతని గుడ్డలు ఉతికింది వదిన. నీళ్ళు మాత్రం నా చేతి నుంచే తాగాడు.

నిన్న వదినకు చెప్పేశాను. డాక్టరుగారి మాటా, నేనాడిన అబద్ధమూ, రెండూ. ఎదిగిన తన పిల్లలకు పరీక్షలు చేయించమన్నాను. ఆమె చేతిలో పని పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"కాకినాడలో ఎక్కడికెళ్ళాలి?" అంది. అంతే.

పొద్దున్నే పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని బయల్దేరింది. తిరిగొచ్చాక ఈ ఇంట్లో నాకు చోటుంటుందో లేదో తెలియదు. ఆ కబురు మాత్రం ఇప్పుడు నా ఒక్కదాని దగ్గరే లేదు.